‘అర్థమైందా?’ అని అడగడం మానేయండి

ప్రశ్న: 9 ఏళ్లుగా డిగ్రీ విద్యార్థులకు గణితం చెబుతున్నాను. పగలు క్లాసులో 60 మంది ఉంటారు, సాయంత్రం ఆన్‌లైన్ బ్యాచ్‌లో 40 మంది దాకా ఉంటారు. ప్రతి పాఠానికీ బాగా ప్రిపేర్ అయ్యే వెళ్తాను. పది నిమిషాలకోసారి ఆగి ‘అర్థమైందా? డౌట్స్ ఉన్నాయా?’ అని అడుగుతాను. క్లాసులో ముందు బెంచీల వాళ్లు తలలూపుతారు. ఆన్‌లైన్‌లో అదీ ఉండదు. కెమెరాలన్నీ ఆఫ్, నల్లటి గళ్లకు పాఠం చెబుతున్నట్టు ఉంటుంది. ఈమధ్య సంభావ్యత (ప్రాబబిలిటీ) మీద పరీక్ష పెడితే రెండు బ్యాచుల్లోనూ సగం మందికి పైగా తప్పారు. అంతకు ముందు వారమే ఫీడ్‌బ్యాక్‌లో ‘మేడమ్ చాలా క్లియర్‌గా చెబుతారు’ అని రాసింది కూడా వాళ్లే. నా గొంతులో హెచ్చుతగ్గులు లేవని, మధ్యలో జోకులు వెయ్యాలని, స్లయిడ్లు ఆకర్షణీయంగా చేసుకోవాలని ఒక సీనియర్ సలహా ఇచ్చారు. కెమెరాలు తప్పనిసరి చెయ్యమని ఇంకొకరు అన్నారు. వెనక సిలబస్ తరుముతోంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక గణిత అధ్యాపకురాలు

జవాబు: గొంతు జోలికి వెళ్లకండి. స్లయిడ్ల సంగతి తర్వాత చూద్దాం. మీరు చెప్పే తీరులో లోపం ఉందనడానికి మీ ఉత్తరంలో నాకు ఒక్క ఆధారం కూడా కనిపించలేదు. పిల్లల బుర్రలో ఏం జరుగుతోందో పేపర్లు దిద్దేదాకా మీకు తెలిసే దారి లేకపోవడమే అసలు సమస్య అనిపిస్తోంది. ఆ దారి పాఠం మధ్యలోనే ఏర్పాటు చేసుకుంటే మిగతావి చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి.

మెచ్చుకున్నవాళ్లే తప్పడం మీకు వింతగా తోచింది. ఇలా జరగడం మామూలే. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం విద్యార్థుల మీద జరిగిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. ఒకే పాఠాన్ని కొందరికి అనుభవం ఉన్న అధ్యాపకుడు చక్కటి ఉపన్యాసంగా చెప్పారు. మిగతావాళ్ల చేత అవే లెక్కల్ని చిన్న గుంపుల్లో ముందు చేయించి, ఆ తర్వాత వివరించారు. పరీక్షలో గుంపుల్లో కుస్తీ పట్టినవాళ్లకే మార్కులు ఎక్కువ వచ్చాయి. ‘ఎంత నేర్చుకున్నారనుకుంటున్నారు?’ అని అడిగితే మాత్రం ఉపన్యాసం విన్నవాళ్లే ఎక్కువ నేర్చుకున్నామన్నారు. సాఫీగా సాగే వివరణ వింటున్నప్పుడు ఆ తేలికదనం మనదే అనిపిస్తుంది. స్వయంగా లెక్క చేస్తూ తడబడితే ఏమీ రావడం లేదనిపిస్తుంది. మీ పిల్లలు ఫీడ్‌బ్యాక్‌లో అబద్ధం రాయలేదు, ఆ క్షణంలో తమకు అనిపించింది రాశారు.

ఇక పది నిమిషాలకోసారి మీరు వేసే ప్రశ్న. ‘అర్థమైందా?’కు నిజాయితీగా జవాబు చెప్పాలంటే తనకేం అర్థం కాలేదో విద్యార్థికి తెలిసి ఉండాలి. అది తెలిస్తే సగం అర్థమైనట్టే కదా! పైగా 60 మందిలో ‘నాకు కాలేదు’ అని చెయ్యెత్తడానికి గుండెధైర్యం కావాలి. అందరూ ఊరుకున్నారంటే అందరికీ వచ్చిందేమో, రానిది నాకొక్కడికేనేమో అని ప్రతివాడూ అనుకుంటాడు. డౌట్ అడిగితే క్లాసు ఇంకా సాగుతుందన్న భయం ఉండనే ఉంది. ముందు బెంచీల తలలు దేనికి ఊగుతున్నాయో చెప్పడం కష్టం. అర్థమయ్యా, మర్యాదకా, అలవాటుకా?

చెప్పేవాళ్ల వైపు నుంచి ఇంకో చిక్కుంది. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు ఒక సరదా ప్రయోగం చేశారు. కొందరిని బాగా తెలిసిన పాటల వరసలు బల్ల మీద వేళ్లతో తట్టమన్నారు, వింటున్నవాళ్లను ఆ పాటేదో కనుక్కోమన్నారు. సగం పాటలైనా పట్టేస్తారని తట్టినవాళ్ల అంచనా. 120 పాటల్లో దొరికినవి 3. తట్టేవాళ్ల చెవిలో పాట మొత్తం మోగుతూనే ఉంటుంది, అవతలివాళ్లకు వినపడేది టకటక చప్పుడే. షరతుతో కూడిన సంభావ్యత (ఒకటి జరిగిందని తెలిశాక ఇంకోటి జరిగే అవకాశం) సూత్రాన్ని 9 ఏళ్లుగా చెబుతున్న మీ చెవిలో ఆ పాట ఎంత గట్టిగా మోగుతుందో ఊహించండి. ఇందులో మీ తప్పేమీ లేదు. విషయం బాగా తెలిసిన ఎవరికైనా ఇంతే. అందుకే ‘ఇది తేలికే కదా’ అన్న మన అంచనాను నమ్మకుండా, ప్రతిసారీ వాళ్ల దగ్గర్నుంచి సాక్ష్యం రాబట్టాలి.

ఆ సాక్ష్యం ఎలాంటి ప్రశ్నతో వస్తుందో మీ పాఠంతోనే చూద్దాం. ‘నిష్పాక్షిక నాణెం ఎగరేస్తే వరసగా 5 సార్లు బొమ్మ పడింది. ఆరోసారి బొరుసు పడే అవకాశం సగం కన్నా ఎక్కువా, సరిగ్గా సగమా, సగం కన్నా తక్కువా?’ ఎక్కువ అన్నవాడు ఇక బొరుసు వంతు వచ్చిందనుకుంటున్నాడు. అంటే స్వతంత్ర ఘటనలు (ఒకదాని ఫలితం ఇంకోదాని అవకాశాన్ని మార్చనివి) అన్న మాట నోటికి వచ్చింది గానీ భావం రాలేదు. తక్కువ అన్నవాడు జరిగిన దాన్ని చూసి నాణేనికే బొమ్మ వైపు మొగ్గు ఉందనుకుంటున్నాడు, ప్రశ్నలో నిష్పాక్షికం అన్న మాటను వదిలేశాడు. ఇద్దరూ తప్పే చెప్పారు, కానీ ఇద్దరికీ చెప్పాల్సిన విషయాలు వేరు. ప్రతి తప్పు జవాబు వెనక ఒక ఆలోచన ఉండేలా రాసుకోవడమే ఇందులో అసలు పని. ఎవరూ ఎంచుకోని ఆప్షన్లు పెట్టి నాలుగు చెయ్యడం కన్నా మంచివి రెండు చాలు. పాఠానికి ఇలాంటివి రెండు మూడు మించి అక్కర్లేదు. తయారు చేసుకోవడానికి టైం పడుతుంది, కాదనను. స్లయిడ్లకు రంగులద్దే టైంలో ఇది చెయ్యండి.

ప్రశ్న వేశాక ఏం చెయ్యాలన్నదానికి ఎరిక్ మజూర్ పద్ధతి బాగా పనికొస్తుంది. ఆయనదీ మీ కథే. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పేవారు, విద్యార్థులు బాగా మెచ్చుకునేవారు, కష్టమైన లెక్కలు కూడా చేసేసేవారు. బలం అంటే ఏమిటో తేల్చే సాదాసీదా ప్రశ్నలతో ఒక పరీక్ష పెడితే, ‘మీరు చెప్పినట్టు రాయాలా, మేం మామూలుగా అనుకునేట్టు రాయాలా?’ అని ఒక విద్యార్థిని అడిగిందట. ఆ తర్వాత 1991 నుంచి ఆయన పాఠం నడిపే తీరే మార్చేశారు. ప్రశ్న వేసి, ముందు ఎవరికి వారు జవాబు ఎంచుకోవాలంటారు. ఆ తర్వాత పక్కవాడితో వాదించుకుని మళ్లీ ఎంచుకోవాలి. మొదటి విడతలో సుమారు 30 శాతం లోపే సరిగ్గా చెబితే వాదనకు సరుకు లేదన్నమాట, మీరే ఇంకో దారిలో వివరించండి. 70 దాటితే ఒక్క మాటలో ముగించి ముందుకు సాగండి. ఆ మధ్యలో ఉన్నప్పుడే చర్చకు వదలాలి. నిన్ననే అర్థమైన తోటి విద్యార్థికి, తాను ఎక్కడ తికమకపడ్డాడో ఇంకా గుర్తుంటుంది. మనం అది ఎప్పుడో మర్చిపోయాం.

క్లాసులో ఇందుకు యంత్రాలేమీ అక్కర్లేదు. మొదటి జవాబుకు ఒక వేలు, రెండోదానికి రెండు, గుండెకు ఆనించి చూపించమనండి. పైకెత్తితే వెనకవాళ్లు చూసి మార్చుకుంటారు. ఆన్‌లైన్‌లో పోల్ పెట్టొచ్చు. పోల్ కన్నా నాకు నచ్చే పద్ధతి ఒకటుంది: చాట్‌లో జవాబుతో పాటు ఒక వాక్యం కారణం కూడా టైప్ చెయ్యమనండి, కానీ మీరు చెప్పేదాకా ఎవరూ పంపకూడదు. ‘ఇప్పుడు’ అనగానే 40 జవాబులు ఒక్కసారిగా పడతాయి. ఎవరూ ఎవరిదీ చూసి రాయలేరు, నలుగురిలో ముందుగా మాట్లాడాలన్న బెరుకూ ఉండదు. నిజానికి ఈ ఒక్క విషయంలో మీ సాయంత్రం బ్యాచ్‌కే సౌకర్యం ఎక్కువ. క్లాసులో ఒక్కసారి 60 మంది కారణాలు వినడం ఎవరి తరం?

ప్రశ్న వేశాక ఆగడం కూడా నేర్చుకోవాలి. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల టేపులు విని లెక్కగట్టారు. ప్రశ్న వేశాక టీచర్లు జవాబు కోసం ఆగేది సగటున ఒక సెకను! దాన్ని 3 సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, ‘తెలీదు’లు తగ్గాయి, మామూలుగా నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడారు. జవాబు విన్నాక ‘వెరీ గుడ్’ అనేముందు కూడా ఇంకో 3 సెకన్లు ఆగితే విద్యార్థి తన మాటను తానే పొడిగిస్తాడని ఆవిడ గమనించారు. ఆన్‌లైన్‌లో 3 సెకన్లు చాలవు. మైక్ ఆన్ చెయ్యడానికే అంత పడుతుంది. ‘20 సెకన్లు టైం, అప్పటిదాకా నేనూ మాట్లాడను’ అని పైకే చెప్పేయండి. అలా చెబితే ఆ నిశ్శబ్దం ఎవరికీ ఇబ్బందిగా ఉండదు, ముఖ్యంగా మీకు. నిశ్శబ్దం భరించలేక మన ప్రశ్నకు మనమే జవాబు చెప్పేస్తుంటాం, పిల్లలు ఆ కిటుకు ఎప్పుడో పసిగట్టారు.

కెమెరాల విషయంలో నాది గట్టి అభిప్రాయమే: బలవంతం చెయ్యకండి. కోర్నెల్ విశ్వవిద్యాలయంలో తమ విద్యార్థులు కెమెరా ఎందుకు ఆన్ చెయ్యరో ఇద్దరు అధ్యాపకులు సర్వే చేసి 2021లో ప్రచురించారు. ఎక్కువమంది చెప్పిన కారణం తాము ఎలా కనిపిస్తామో అన్న బిడియం. తర్వాత వెనక ఇంట్లోవాళ్లు కనపడటం, నెట్ సరిగా లేకపోవడం వంటివి. శ్రద్ధ లేకపోవడం ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు పడతాం. కెమెరా ఆన్ అయినా మీకు కనపడేది ముఖమే, ఆలోచన కాదు. అదే రాసిన లెక్కను ఫోన్‌తో ఫొటో తీసి పంపమంటే ఎక్కడ ఆగిపోయాడో గీతతో సహా తెలుస్తుంది. నల్లటి గళ్లు మిమ్మల్ని కుంగదీస్తుంటే, క్లాసు మొదలైన మొదటి రెండు నిమిషాల్లోనే అందరూ చాట్‌లో ఏదో ఒకటి రాయాల్సిన చిన్న పని పెట్టండి. ఆ రెండు నిమిషాల్లో ఒక్క అక్షరం కూడా రాయనివాడు గంటంతా ప్రేక్షకుడిగానే మిగిలిపోతాడు. ఒకరిని పేరుతో పిలవాలనుకుంటే హఠాత్తుగా పిలవకండి. ‘ఈ లెక్క అయ్యాక రెండో మెట్టు నువ్వు చెప్పాలి’ అని ముందే చెబితే టెన్షన్ ఉండదు, వినడమూ ఉంటుంది. తెరలో మీ ముఖం మీకే కనపడే పెట్టెను దాచేసుకోండి. గంటసేపు ఎదురుగా అద్దం పెట్టుకుని పాఠం చెప్పడం ఎవరికైనా అలసటే.

జోకులు మీకు సహజంగా వస్తే వెయ్యండి, రాకపోతే పాఠానికి వచ్చే నష్టం లేదు. ఆ సీనియర్ గారి తర్వాతి సలహా బహుశా ‘కొందరు చూసి నేర్చుకుంటారు, కొందరు విని నేర్చుకుంటారు, ఎవరికి తగ్గట్టు వాళ్లకు చెప్పాలి’ అని ఉంటుంది. అలా విడదీసి బోధిస్తే మేలు జరుగుతుందనడానికి తగిన ఆధారాలు లేవని 2008లోనే నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు సమీక్షించి తేల్చారు. మర్యాదగా విని వదిలేయండి. ఆన్‌లైన్‌లో గొంతు హెచ్చుతగ్గుల కన్నా మైక్ ముఖ్యం. బొమ్మ మసకగా ఉన్నా సర్దుకుంటారు, మాట తెగితెగి వినపడితే ఎంత గొప్ప పాఠమైనా రెండు నిమిషాల్లో వదిలేస్తారు.

స్లయిడ్ల గురించి ఒక్కటే. తెర మీద ఉన్న పేరాను పైకి చదవకండి. కంటితో చదివే వేగం, మీరు చదివే వేగం కలవవు. రెండూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. రిచర్డ్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మల్టీమీడియా పాఠాల మీద చేసిన ప్రయోగాల్లో బొమ్మ చూపిస్తూ దాని గురించి నోటితో చెబితే బాగా పనిచేసింది. అవే మాటలు మళ్లీ అక్షరాల్లో కూడా కనిపిస్తే నేర్చుకోవడం తగ్గింది. గణితానికైతే తయారుగా ఉన్న స్లయిడ్ కన్నా పిల్లలు చూస్తుండగా మెట్టు మెట్టుగా చేత్తో రాయడమే మేలు. రికార్డు చేసి పెట్టే వీడియోలు కూడా ఉంటే వాటిని ముక్కలు చెయ్యండి. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో 6 నిమిషాల లోపు వీడియోలనే ఎక్కువగా ఆసాంతం చూశారని తేలింది. అది ఎంతసేపు చూశారన్న లెక్కే తప్ప ఎంత నేర్చుకున్నారన్నది కాదు. కాబట్టి 6 అన్న అంకెను పట్టుకుని వేలాడకండి, ఒక భావం ఎక్కడ పూర్తయితే అక్కడ ఆపండి.

ఇదంతా చదివి ఉపన్యాసం పూర్తిగా మానెయ్యమంటున్నానని అనుకునేరు. అసలు తెలియని విషయాన్ని ‘మీరే కనుక్కోండి’ అని వదిలేస్తే చాలామంది అక్కడే చతికిలబడతారు. ఒకేసారి మనసులో పట్టుకోగలిగేది చాలా కొంచెం. ఆ కాస్తా దారి వెతకడానికే సరిపోతే నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు పూర్తిగా చేసి చూపిన లెక్కలు చదివించడం, అన్నీ వాళ్ల చేత చేయించడం కన్నా మంచి ఫలితం ఇస్తుందని బీజగణితం మీద జాన్ స్వెల్లర్, గ్రహామ్ కూపర్ అనే పరిశోధకులు 1985లోనే చూపించారు. కాబట్టి మొదటి లెక్క పూర్తిగా మీరే చెయ్యండి. రెండోదాంట్లో చివరి మెట్టు వాళ్లకు వదలండి, మూడోదాంట్లో చివరి రెండు. అలా తగ్గించుకుంటూ పోతే ఎక్కడ చెయ్యి వదిలితే పడిపోతున్నారో మీకే కనపడుతుంది. ఆ చోటే మీ తర్వాతి ప్రశ్న.

ఇంకోటి, ఇదసలు ఖర్చులేని పని. ప్రతి క్లాసు మొదటి 5 నిమిషాలు నోట్సు మూసేసి గత వారం పాఠంలో గుర్తున్నది తెల్లకాగితం మీద రాయమనండి. మార్కులు వెయ్యకండి. రోడిగర్, కార్పికి అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు ఒక పాఠ్యభాగం చదివారు. ఆ తర్వాత కొందరు దాన్నే మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత చూస్తే, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు 56 శాతం చెప్పగలిగారు, మళ్లీ చదివినవాళ్లు 42 శాతం. పరీక్ష ముందు రాత్రి నోట్సు తిరగేసి అంతా వచ్చేసిందనుకునే మీ విద్యార్థులకు ఈ అంకెలు తప్పకుండా చెప్పండి.

సిలబస్ మాటకొస్తే, మీ భయం నిజమే. ఇలా చెబితే మీరు బోర్డు మీద చేసే లెక్కల సంఖ్య తగ్గుతుంది. ఒకే రకం లెక్కలు నాలుగు చేసే చోట ఒకటి మీరు చేసి, ఇంకోటి వాళ్ల చేత చేయించి, మిగతా రెండూ ఇంటికి ఇవ్వాల్సి వస్తుంది. సులువైన నిర్వచనాలు చదువుకుని రమ్మనాల్సి వస్తుంది. ఆ నష్టానికి బదులు దొరికేదేమిటో కూడా చూడండి. సైన్సు, ఇంజినీరింగు, గణితం క్లాసుల మీద 225 అధ్యయనాలను కలిపి 2014లో చేసిన విశ్లేషణలో, విద్యార్థులతో పని చేయించే క్లాసుల కన్నా వట్టి ఉపన్యాసం వినే క్లాసుల్లో ఫెయిలయ్యే అవకాశం ఒకటిన్నర రెట్లు ఉందని తేలింది. ఇప్పుడు మీరు సిలబస్ పూర్తి చేస్తున్నారు సరే, అందులో సగం మందికి అందనిదాన్ని పూర్తయిన లెక్కలో వేసుకోవచ్చా?

ఒక హెచ్చరిక. మొదటి రెండు మూడు వారాలు మీ ఫీడ్‌బ్యాక్ పడిపోవచ్చు. ‘మేడమ్ ఇదివరకులా చెప్పడం లేదు, అన్నీ మమ్మల్నే చెయ్యమంటున్నారు’ అంటారు. తడబాటు అలాగే ఉంటుందని పైన చెప్పుకున్నాం. పద్ధతి మార్చే రోజే ఎందుకు మారుస్తున్నారో పిల్లలకు చెప్పెయ్యండి. ఆ హార్వర్డ్ అధ్యయనం సంగతి కూడా చెప్పండి. డిగ్రీ పిల్లలు, అర్థం చేసుకుంటారు. మీ హెచ్‌వోడీకి కూడా ముందే ఒక మాట వేసి ఉంచండి.

మొదలుపెట్టడానికి కొత్తగా ఏదీ వెతుక్కోనక్కర్లేదు. తప్పిన ఆ సంభావ్యత పేపర్లు ఉన్నాయిగా, మళ్లీ ఒకసారి ముందేసుకోండి. ఈసారి మార్కుల కోసం కాకుండా, ఎక్కువమంది ఒకేలా చేసిన తప్పులు మాత్రం ఒక కాగితం మీద రాసుకోండి. పరస్పర వివర్జిత ఘటనలు (ఒకటి జరిగితే రెండోది జరగనివి) స్వతంత్ర ఘటనలు కూడా అవుతాయని రాసినవాళ్లు కచ్చితంగా ఉంటారు. బి జరిగితే ఎ జరిగే అవకాశాన్నీ, ఎ జరిగితే బి జరిగే అవకాశాన్నీ ఒకటిగా లెక్కేసినవాళ్లూ ఉంటారు. వచ్చే వారం మీరు వెయ్యబోయే ప్రశ్నలకు తప్పు ఆప్షన్లు అవే, మీ పిల్లలే రాసిచ్చారు. మొదటిది ఇలా ఉండొచ్చు: ‘ఎ, బి పరస్పర వివర్జితాలు, రెండింటి సంభావ్యతా సున్నా కాదు. అవి స్వతంత్రాలా, కాదా, చెప్పలేమా?’ సరైన జవాబు ‘కాదు’ అని మీకు తెలుసు. ‘చెప్పలేం’ అని ఎంతమంది అంటారో చూసి, రెండో ప్రశ్న దాన్ని బట్టి వెయ్యండి.